నాలుగు నెలలు వాడిన మారథాన్ ట్రైనింగ్ యాప్ గురించి
మొదటిసారి 42.195 కిలోమీటర్ల మారథాన్‌కి సిద్ధమవుతూ ఈ యాప్ వాడాను. ప్లాన్ బాగుంది, వారం వారం దూరం కొద్దికొద్దిగా పెంచుతుంది, మధ్యలో తేలికపాటి వారాలు కూడా ఇస్తుంది. నాకు కోపం తెప్పించింది మాత్రం ఆ స్ట్రీక్ బ్యాడ్జీలు, అంటే వరసగా రోజూ పరిగెత్తితే యాప్ ఇచ్చే గుర్తులు. ఒక్క రోజు ఆపినా వరుస తెగిపోతుందనే టెన్షన్‌తో, మోకాలి కింద ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి పుడుతున్నా పట్టించుకోకుండా పరిగెత్తాను, చివరికి స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు) అని తేలింది. ఆరు వారాలు పరుగు బంద్.

గుండె, ఊపిరితిత్తులు త్వరగానే అలవాటు పడతాయి కానీ ఎముకలకీ టెండాన్లకీ (కండరాన్ని ఎముకకి కలిపే గట్టి పట్టీలు) నెలలు పడుతుంది, అందుకే ఆయాసం రావట్లేదు కదా అని దూరం పెంచేయడం మనలాంటి వాళ్లకి ప్రమాదం. పాత గాయం ఉంటే మళ్లీ దెబ్బతినే అవకాశం ఎక్కువ, అయినా యాప్ ఆ సంగతే అడగదు! పరుగు మానితే చిరాకు, తప్పు చేశామన్న భావన వచ్చేవాళ్లు (రన్నర్లలో ఇలాంటివాళ్లు చాలామందే) నోటిఫికేషన్లు ఆపేసి వాడండి. నొప్పి, నిద్ర నమోదు చేసే చోటు పెడితే ఐదు స్టార్లు ఇచ్చేదాన్ని, ఇప్పటికి మూడే.