షిఫ్ట్ జిస్, యూటీఎఫ్-16, యూటీఎఫ్-8: తూర్పు ఆసియా భాషల సోర్స్ కోడ్‌కు ఏది మేలు?

జపనీస్, చైనీస్, కొరియన్ భాషల్లో రాసిన కామెంట్లను, సందేశాలను ఎడిటర్, కంపైలర్, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ వంటివి చెడగొట్టకుండా చదవాలంటే, ఆ ఫైళ్లను ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) దాచుకోవాలో ముందే తేల్చుకోవాలి. ఆయా దేశాల పాత ఎన్‌కోడింగులు, అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-16, యూటీఎఫ్-8 అనే మూడు దారులు మన ముందున్నాయి.

పాతవాటి బలం పొదుపు. జపాన్ వారి షిఫ్ట్ జిస్‌లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, కంజికి (చైనా నుంచి వచ్చిన అక్షరానికి) రెండు బైట్లు సరిపోతాయి. అయితే ఆ రెండో బైటు విలువ కొన్ని అక్షరాల్లో 92 అవుతుంది. ఇంగ్లీషు అక్షరాల పాత ప్రమాణమైన ఆస్కీలో 92 అంటే బ్యాక్‌స్లాష్ (\). జపనీస్ లిపి కటకానలోని ‘సో’ అక్షరం, ‘పట్టిక’ అనే అర్థమున్న కంజి ఈ కోవలోవే. సీ భాషలో రెండు స్లాష్‌లతో మొదలైన కామెంటు అలాంటి అక్షరంతో ముగిస్తే, షిఫ్ట్ జిస్ తెలియని కంపైలర్ దాన్ని ‘వరుస ఇంకా ఉంది’ అని చెప్పే బ్యాక్‌స్లాష్‌గా భావించి కింది వరుసను కూడా కామెంటులో కలిపేస్తుంది. తప్పు చూపకుండానే ఒక వరుస కోడ్ మాయమవుతుంది కనుక, దీన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. తైవాన్‌లో వాడిన బిగ్5కూ ఇదే జబ్బు ఉంది. కొరియా వారి ఈయూసీ-కేఆర్‌లో మాత్రం రెండు బైట్లూ 127 కంటే పైనే ఉండటం వల్ల ఈ బాధ లేదు.

యూటీఎఫ్-16లో వాడుకలోని కంజి, కొరియా లిపి హంగుల్ అక్షరాలకు రెండు బైట్లే పడతాయి గాని, ఇంగ్లీషు అక్షరానికీ రెండే పడతాయి, వాటిలో ఒకటి సున్నా. ఆ సున్నాను చూసి గిట్ ఆ ఫైలును బైనరీ అనుకుంటుంది. ఏ వరుస మారిందో చూపదు. సోర్స్ కోడ్‌కు ఈ ఒక్క లోపమే చాలు, దీన్ని పక్కన పెట్టడానికి. పైగా 1996లో సరోగేట్లు (రెండు బైట్ల విలువలు రెండు కలిసి ఒక అక్షరాన్ని చూపే పద్ధతి) వచ్చాక అరుదైన కంజికి నాలుగు బైట్లు కావాలి; జావాస్క్రిప్ట్‌లో అలాంటి ఒక్క అక్షరం పొడవు అడిగితే 2 అని జవాబు వస్తుంది.

1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8పై ప్రధాన ఫిర్యాదు, కంజికి మూడు బైట్లు పడతాయన్నది. (తెలుగు అక్షరానికీ మూడే.) లెక్క వేసి చూద్దాం: 30 ఆస్కీ అక్షరాలు, 10 కంజి ఉన్న వరుసకు షిఫ్ట్ జిస్‌లో 50 బైట్లు, యూటీఎఫ్-8లో 60, యూటీఎఫ్-16లో 80 పడతాయి. ఆస్కీ కంటే కంజి ఎక్కువైతేనే యూటీఎఫ్-16 లాభం. ప్రోగ్రాముల్లో అది అరుదు. ఆస్కీ కాని అక్షరంలోని ప్రతి బైటూ 128 లేదా అంతకంటే ఎక్కువే కనుక దొంగ బ్యాక్‌స్లాష్ పుట్టదు. నా ఓటు దీనికే.

అయినా చిక్కులు తీరిపోలేదు. ఎడిటర్లకు, కోడ్‌ను విశ్లేషించి వాటికి సూచనలిచ్చే భాషా సర్వర్లకు మధ్య నడిచే ఎల్ఎస్‌పీ (లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్) ఒప్పందం, ఫైలు యూటీఎఫ్-8లో ఉన్నా, వరుసలోని స్థానాన్ని మామూలుగా యూటీఎఫ్-16 లెక్కలోనే చెబుతుంది. వేరే లెక్క ఎంచుకునే వీలు దాని 3.17 వెర్షన్‌లో వచ్చింది. ఇంకొక విషయంలో పాతవే నయం: ఫైలు షిఫ్ట్ జిస్‌లో ఉందంటే అందులోది జపనీస్ అని ఎడిటర్‌కు తెలిసిపోతుంది, కానీ యూనికోడ్‌లో చైనీస్, జపనీస్ రూపాలకు చాలాచోట్ల ఒకే సంకేతం కావడంతో, ఫాంటును సరిగా ఎంచకపోతే జపాన్ పాఠకుడికి చైనా తరహా అక్షరాలు కనిపిస్తాయి.

పాత ఫైళ్లను ఒక్కరోజులో మార్చలేని బృందాలకు గిట్ 2.18 నుంచి ఒక మధ్యేమార్గం ఉంది: ఏ ఫైలు ఏ ఎన్‌కోడింగ్‌లో ఉందో గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలులో రాసిపెడితే, భాండాగారంలో (రిపాజిటరీలో) యూటీఎఫ్-8గా దాచి, పనిచేసే చోట షిఫ్ట్ జిస్‌గానే ఇస్తుంది. ఎన్‌కోడింగ్‌ను ఊహించే పనిని ఎడిటర్‌కు వదిలేయడం కంటే ఇది క్షేమం, ఎందుకంటే చిన్న ఫైళ్లలో అవే బైట్లు రెండు మూడు ఎన్‌కోడింగుల్లో చెల్లుబాటు కావచ్చు.