హేమకుండ్‌లో ఉచిత ఖిచిడీ, ఘాంఘరియాలో వంద రూపాయల వేడినీళ్లు

ఉత్తరాఖండ్ కొండల్లో సిక్కుల యాత్రాస్థలం హేమకుండ్ సాహిబ్‌కు వెళ్లేవాళ్లు రాత్రికి ఆగే ఊరు ఘాంఘరియా. అక్కడి లాడ్జివాడు ఫోన్‌లో చెప్పిన అద్దె 1,800. కింద బండి దారి ఆగిపోయే పుల్నా నుంచి పది కిలోమీటర్లు వానలో నడిచి, తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాక 3,000 అన్నాడు. చీకటి పడ్డాక వీళ్లు ఎక్కడికి పోతారులే అని అతని ధీమా. నిజమే, ఎక్కడికీ పోలేదు. కిటికీ తలుపు సగమే మూసుకుంటుంది, రజాయి ముక్కవాసన. బకెట్ వేడినీళ్లు 100 రూపాయలు. రెండంతస్తులు ఎక్కి వచ్చేసరికి మూడో బకెట్ గోరువెచ్చన కూడా కాదు, దానికీ వందే. "పాపం, కొండమీదికి అన్నీ మోసుకురావాలి కదా" అని మా వారు అతని తరఫున వకాల్తా. నీళ్లు మోసుకురానక్కర్లేదండీ, పక్కనే నది పారుతోంది!

అద్దె ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. అంతకన్నా మంచి మాట, ఆ ఊళ్లోనే గురుద్వారా ఉంది, యాత్రికులకు బస ఇస్తారు, తోచింది హుండీలో వేయొచ్చు. ఈ సంగతి మాకు మర్నాడు తెలిసింది.

ఆ మర్నాడంతా దగ్గర్లోని పూలలోయలో (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) హాయిగా గడిచింది. మూడోరోజు హేమకుండ్ సాహిబ్.

ఆరు కిలోమీటర్లే కదా అనుకోవద్దు. ఘాంఘరియానే 3,000 మీటర్ల ఎత్తు, అక్కణ్నుంచి ఇంకో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. "అలిపిరి మెట్లు మూడుసార్లు ఎక్కాను" అని బయల్దేరిన మా వదిన (మా వారి అక్క) రెండో కిలోమీటరుకల్లా మాటలు ఆపేసింది. గుర్రంవాడు 1,500 అడిగాడు, 1,200కి దిగాడు. వదిన ఎక్కనంటే ఎక్కనంది. ఆవిడ పంతం కోసం పది అడుగులకోసారి ఆగుతూ నాలుగున్నర గంటలు నడిచాం. తెల్లవారి ఐదింటికే బయల్దేరండి. పైన రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నం రెండుకల్లా దిగిపొమ్మంటారు.

చివర్లో మెట్లదారి పక్కన రాళ్ల సందుల్లో బ్రహ్మకమలాలు. మనిళ్లల్లో రాత్రి పూట పూస్తే వీధంతా పిలిచి చూపిస్తామే, ఆ తెల్లపువ్వు కాదు. అది నాగజెముడు జాతిది, ఎక్కడో అమెరికా ఖండం నుంచి వచ్చింది. అసలుది ఇదీ. లేత పసుపుపచ్చ రేకులు, నూనె పూసిన పల్చటి కాగితంలా ఉన్నాయి. ఒకటి వంగి చూస్తే లోపల ముదురు ఊదారంగు మొగ్గల గుత్తి, రేకు మీద వాన చుక్క. "మరి మా పెరట్లో పదేళ్లుగా దణ్ణం పెడుతున్నది దేనికి?" అంది వదిన. పొద్దుట్నుంచి ఆవిడ అన్న మొదటి పూర్తి వాక్యం అదే.

పైన గురుద్వారా పక్కనే ఉన్న సరస్సు కనపడలేదు, అంతా పొగమంచు. చెప్పులు విడిచి తలమీద గుడ్డ కప్పుకుని చలిరాయి మీద నడుస్తుంటే పాదాలు తిమ్మిరెక్కాయి. ఒడ్డునే లక్ష్మణుడి గుడి కూడా ఉంది, ఆయన ఇక్కడ తపస్సు చేశాడంటారు. పది నిమిషాలు పొగమంచు విడిపోయి ఆకుపచ్చటి నీళ్లు, వెనక మంచు గీతలున్న కొండ బయటపడ్డాయి. సర్దార్జీలు కొందరు ఆ నీళ్లలో మునుగుతున్నారు. చూస్తేనే నాకు వణుకు వచ్చింది.

లంగర్‌లో (గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనశాల) స్టీలు గ్లాసుతో తీపి టీ, వేడివేడి ఖిచిడీ. కాస్త జారుగా, పైన నెయ్యి. ఎవరూ డబ్బడగలేదు, ఏ ఊరని అడగలేదు, "ఇంకొంచెం?" అని మాత్రం అడిగారు. బయట తిండి ముట్టని వదిన మూడుసార్లు పెట్టించుకుంది. హుండీలో 500 వేసి, "లాడ్జివాడికి ఇచ్చిన దానికన్నా ఇది దక్కింది" అంది.

దిగుడు మోకాళ్లను పిండేసింది. చేతికర్ర కొనుక్కోండి, మేము కొనలేదు. సాయంత్రం లాడ్జి గుమ్మంలో కుర్రాడు "గరమ్ పానీ?" అన్నాడు. వదిన బేరమాడకుండా వంద తీసి ఇచ్చింది.