కాల్కా–సిమ్లా టాయ్ ట్రైన్: చలికాలంలో ఎక్కడానికి రైలు, దిగడానికి బస్సు

చండీగఢ్, సిమ్లా కలిపి ఐదు రోజుల్లో చూసి రావాలనుకునేవాళ్లు సాధారణంగా ముందు ఫ్లైటు బుక్ చేస్తారు, తర్వాత హోటళ్లు, ఆఖర్న రైలు సంగతి గుర్తొస్తుంది. చలికాలంలో ఈ వరస తిరగేయాలి. ముందు కాల్కా నుంచి సిమ్లా కొండ ఎక్కే చిన్న రైలు, అదే టాయ్ ట్రైన్, టికెట్టు చేతికి రావాలి, మిగతావన్నీ దాన్నిబట్టి సర్దుకోవచ్చు. మార్కులు వేయమంటే, పైకి వెళ్లడానికి ఈ రైలుకి ఐదుకి నాలుగున్నర. కిందికి రావడానికి రెండే. ఒకే రైలు, ఒకే పట్టాలు, మరి ఇంత తేడా ఎందుకో చూద్దాం.

అరకు రైలెక్కినవాళ్లకి సొరంగాలు కొత్త కాదు. కానీ అది బ్రాడ్‌గేజ్, పట్టాల మధ్య ఎడం 1,676 మిల్లీమీటర్లు. ఇక్కడ 762, అంటే సగం కూడా లేదు. పట్టాలు దగ్గరగా ఉంటే మలుపుని బాగా బిగించి తిప్పొచ్చు. కొన్నిచోట్ల మలుపు వ్యాసార్ధం 40 మీటర్లు కూడా ఉండదు. చివరి పెట్టెలో కూర్చున్నవాళ్లకి తమ రైలు ఇంజనే పక్క కిటికీలోంచి కనిపిస్తుంది. కొండ కిందున్న కాల్కా 656 మీటర్ల ఎత్తులో ఉంటే సిమ్లా 2,076 మీటర్ల మీద ఉంది. మధ్యలో 96 కిలోమీటర్లు, 102 సొరంగాలు, 800కి పైగా వంతెనలు. బాగా ఏటవాలుగా ఉన్నచోట 33 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కినట్టు. గంటకి పాతిక కిలోమీటర్లు మించని నడక, మొత్తం ఐదు గంటల పైచిలుకు. 1903లో మొదలైన లైను, 2008లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. 2023 ఆగస్టు వానలకి సిమ్లా పక్కనున్న సమ్మర్ హిల్ దగ్గర పట్టాల కింద కొండే జారిపోయి రైలు కొన్ని వారాలపాటు ఆగిపోయింది. వానాకాలంలో ఈ లైనుని నమ్ముకోవద్దనేది అందుకే. చలికాలంలో ఆ బెడద తక్కువ, మంచు పడ్డా రైలు చాలావరకు నడుస్తుంది.

చలికాలంలో అసలు చిక్కు పగటి వెలుతురు. డిసెంబరు, జనవరిలో అక్కడ పొద్దున ఏడుంపావు దాటితే గానీ సూర్యుడు రాడు, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది. కాల్కాలో మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో బయలుదేరే రైలు ఢిల్లీ నుంచి వచ్చే శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌కి జతగా నడుస్తుంది. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది: పొద్దున ఢిల్లీలో కాఫీ, రాత్రికి సిమ్లాలో భోజనం. కానీ పొగమంచు రోజుల్లో శతాబ్ది రెండు మూడు గంటలు ఆలస్యమైతే టాయ్ ట్రైన్ కూడా అంత ఆలస్యంగా కదులుతుంది. అప్పుడు కండాఘాట్ దాటాక వచ్చే కనోహ్ దగ్గరి నాలుగంతస్తుల కమాను వంతెన, తారాదేవి దగ్గరి దేవదారులు, అన్నీ చీకట్లోనే అయిపోతాయి. ఐదు గంటల ప్రయాణంలో ఆఖరి రెండు గంటలు నల్లటి అద్దంలో మన ముఖం మనమే చూసుకోవాలి.

కాబట్టి పొద్దున ఆరు–ఏడు మధ్య బయలుదేరే రైళ్లలో ఒకటి తీసుకోవాలి. ఆరింటి రైలైతే కింది స్టేషన్లు తక్సాల్, కోటీ చీకట్లో పోతాయి, పోతే పోనీ. ధరంపూర్ వచ్చేసరికి తెల్లారుతుంది, బరోగ్‌లో ఎండ పడుతుంది, మంచి భాగమంతా వెలుగులో దొరుకుతుంది. మధ్యాహ్నానికి ముందే సిమ్లాలో దిగుతారు కాబట్టి ఒక పూట కూడా మిగులుతుంది. దీనికి చెల్లించాల్సిన మూల్యం నిద్ర. చండీగఢ్ నుంచి కాల్కా పాతిక కిలోమీటర్ల పైన ఉంటుంది. మామూలుగా ముప్పావు గంట, పొగమంచులో గంటన్నర వేసుకోవాలి. ట్యాక్సీ ముందు రోజు రాత్రే మాట్లాడుకోండి. తెల్లారుజామున నాలుగింటికి యాప్‌లో బండి దొరుకుతుందని ధీమాగా ఉండొద్దు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఆ రాత్రికి పంచకులాలోనో కాల్కాలోనో గది తీసుకోవడం మేలు.

టికెట్టు ఐఆర్‌సీటీసీలోనే, కాల్కా కోడ్ కేఎల్‌కే, సిమ్లాది ఎస్ఎంఎల్. ప్రయాణానికి 60 రోజుల ముందు బుకింగ్ తెరుచుకుంటుంది. పెట్టెలు చిన్నవి, సీట్లు తక్కువ, అందుకే క్రిస్మస్ వారానికి, జనవరి 26 కలిసొచ్చే వారాంతానికి మొదటి రోజే చూసుకోకపోతే వెయిటింగ్ లిస్టే. ఢిల్లీ నుంచి రైల్లో కాల్కా వచ్చేవాళ్లకి రెండు పీఎన్ఆర్‌లుంటాయి. రెండూ కన్ఫర్మ్ అయి, పేర్లు ఒకేలా ఉంటే వాటిని లింక్ చేసుకోండి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే డబ్బు వెనక్కి రాబట్టుకోవడం సులువవుతుంది.

అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలకి ఈమధ్య గిరాకీ ఎక్కువ. 2019 డిసెంబరులో వీటితోనే హిమ్ దర్శన్ అనే రైలు మొదలైంది. మంచు పడ్డ రోజున పైకప్పులోంచి చెట్లు చూడటం బాగానే ఉంటుంది గానీ, చలికాలం పొద్దున లోపలివాళ్ల ఊపిరికి అద్దాలన్నీ ఆవిరి పట్టేస్తాయి. తుడవడానికి పాత నూలు గుడ్డ ఒకటి దగ్గరుండాలి. ఫోటోలే ముఖ్యమైతే కిటికీ తెరుచుకునే మామూలు పెట్టె మంచిది. అద్దంలోంచి తీస్తే సగం ఫోటోల్లో లోపలి లైట్లే కనపడతాయి. ఏ వైపు సీటు మంచిదన్న చర్చకి అర్థం లేదు, లోయ కాసేపు ఇటు, కాసేపు అటు మారుతూనే ఉంటుంది.

మామూలు పెట్టెల్లో వెచ్చదనానికి ఏ ఏర్పాటూ ఉండదు. కాల్కాలో ఎక్కేటప్పుడే థర్మల్స్, దానిమీద ఫ్లీస్, పైన గాలి చొరబడని జాకెట్టు వేసుకుని ఉండాలి. ఒకే ఒక లావుపాటి కోటు కంటే ఈ మూడు పొరలు నయం, ఎండ రాగానే ఒక్కొక్కటీ తీసేయొచ్చు. కాళ్లు ముందు చల్లబడతాయి, ఉన్ని సాక్సులు తప్పనిసరి. సామానే ఇక్కడ పెద్ద తలనొప్పి. పైన ర్యాకులు ఇరుకు, కాళ్ల దగ్గర చోటు అంతంతమాత్రం. 28 అంగుళాల సూట్‌కేసు తెస్తే అది ఐదు గంటలూ నడవలో అందరి కాళ్లకీ అడ్డం పడుతుంది. మనిషికో చిన్న బ్యాగ్, వీపుకి తగిలించుకునేది, అంతే.

రైల్లో వంట లేదు. బరోగ్‌లో పది నిమిషాలో కాస్త ఎక్కువో ఆగుతుంది, అక్కడి కట్‌లెట్, ఆమ్లెట్, టీ కోసం అందరూ ఒకేసారి దిగుతారు. ఒకరు ముందే తలుపు దగ్గర నిలబడి ఉండాలి, చిల్లర చేతిలో ఉండాలి. ఆ స్టేషన్‌ని ఆనుకునే లైనంతటిలోకీ పొడవైన సొరంగం, 33వ నంబరుది, 1,143 మీటర్లు. దాటడానికి మూడు నిమిషాల దాకా పడుతుంది. డీజిల్ ఇంజన్ పొగ లోపలికి వస్తుంది కాబట్టి ఆ కాసేపూ కిటికీలు మూసేయండి. బరోగ్ అన్నది దీనికంటే ముందు తవ్వి వదిలేసిన సొరంగం తాలూకు ఇంజనీరు పేరు. రెండు వైపుల నుంచీ తవ్వుకొస్తే మధ్యలో కలవలేదట, ఆయనకి రూపాయి జరిమానా వేశారట. ఆ రూపాయి సంగతి ఎంతవరకు నిజమో గానీ, ఇప్పటికీ రైల్లో ఎవరో ఒకరు ఈ కథ చెప్పకుండా ఉండరు.

ఇక దిగడం. రైల్లో కిందికి వస్తే కాల్కాలో దిగి మళ్లీ చండీగఢ్‌కి బండి చూసుకోవాలి, మొత్తం ఆరున్నర ఏడు గంటలు. మొన్న చూసిన కొండే మళ్లీ చూడటం. సిమ్లా నుంచి హిమాచల్ ఆర్టీసీ బస్సు దాదాపు 115 కిలోమీటర్లు నాలుగు గంటల్లో వచ్చి నేరుగా చండీగఢ్ సెక్టార్ 43 బస్టాండులో దింపుతుంది. దూరపు బస్సులు ఎక్కువగా ఎక్కేది ఊరి కిందనున్న టూటీకండీ ఐఎస్‌బీటీలో (అంతర్రాష్ట్ర బస్టాండు), పాత బస్టాండులో కాదు, బుక్ చేసేటప్పుడు ఇది చూసుకోండి. ఘాట్ మలుపులకి కడుపులో తిప్పే అలవాటుంటే బయలుదేరడానికి అరగంట ముందే మాత్ర వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు.

రోజుల వరసలో ఎక్కువమంది చేసే పొరపాటు చండీగఢ్‌ని మొదట చూడటం. దాన్ని ఆఖర్లో పెట్టుకోండి. మంచు వల్ల కొండ మీద ఒక రోజు అటూ ఇటూ అయితే ఆ రోజుని చండీగఢ్‌లో కోసేయొచ్చు, ఫ్లైటు పోదు. మొదట చూసేస్తే కోయడానికి ఏమీ మిగలదు. ఇంకో చిట్కా: ఆదివారం చేరి, సోమవారం రైలెక్కండి. సిమ్లాలో ఒకప్పటి బ్రిటిష్ వైస్రాయ్‌ల నివాసం వైస్రీగల్ లాడ్జి, చండీగఢ్ సెక్టార్ 10 మ్యూజియం రెండూ సోమవారం సెలవు, ఆ రోజు సగం ఎలాగూ రైల్లోనే గడుస్తుంది. వారాంతపు జనం ఆదివారం సాయంత్రానికి కిందికి దిగిపోతారు కాబట్టి సోమవారం నుంచి సిమ్లా ఊపిరి పీల్చుకుంటుంది, గదులూ కాస్త అగ్గువకొస్తాయి.

సిమ్లాలో గది విషయంలో ఊరి ప్రధాన బజారు వీధి ‘మాల్ రోడ్డుకి దగ్గర’ అన్న మాటని నమ్మొద్దు. మాల్ మీదికి కార్లు రానివ్వరు. దగ్గర అంటే 150 మెట్లు పైన కావచ్చు, 150 మెట్లు కింద కావచ్చు. ఫోన్ చేసి మూడే అడగండి: కారు ఆగేచోటి నుంచి ఎన్ని మెట్లు, హీటర్‌కి విడిగా డబ్బులా, గదికి ఎండ ఏ వైపు నుంచి వస్తుంది. దక్షిణం వైపు గది అయితే పగలు హీటరే అక్కర్లేదు. ఉత్తరం వైపు అయితే మధ్యాహ్నం కూడా దుప్పటి కప్పుకోవాలి. బాగా చలి పడ్డ రాత్రి పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పొద్దున పంపు రాదు, రాత్రే ఒక బకెట్టు నింపి పెట్టుకోండి. రైల్వే స్టేషన్ నుంచి సామానుతో మాల్ ఎక్కలేమనుకుంటే కార్ట్ రోడ్డు మీది లిఫ్టు దాకా ట్యాక్సీలో వెళ్లి, అక్కడి నుంచి రెండు అంచెల్లో పైకి చేరొచ్చు.

మంచు చూడాలంటే డిసెంబరు కంటే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అవకాశం ఎక్కువ. హామీ మాత్రం ఏ నెలలోనూ లేదు. పడమటి నుంచి వచ్చే మేఘాల విడతని బట్టి పడుతుంది, వాతావరణ శాఖ మూడు నాలుగు రోజుల ముందు చెబుతుంది. మంచు పడే రోజు కంటే మర్నాడే ప్రమాదం. పగలు కరిగిన నీళ్లు రాత్రి గాజుపలకలా గడ్డకడతాయి. రోడ్డు తడిగా, నల్లగా మెరుస్తున్నట్టే ఉంటుంది, కాలు పెడితే జారుతుంది. లక్కర్ బజార్ నుంచి సంజౌలీ వైపు కొండ నీడలో ఇది మధ్యాహ్నం దాకా కరగదు. పదకొండు దాటాక నడవండి, నాలుగింటికల్లా వెనక్కి రండి. అడుగులు చిన్నగా, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి, చేతులు జేబుల్లో పెట్టుకోకూడదు. అడుగున గాడులు లోతుగా ఉన్న రబ్బరు బూట్లు కావాలి, మామూలు స్పోర్ట్స్ షూస్ ఆగవు.

చూడాల్సినవాటిలో వైస్రీగల్ లాడ్జికి పెద్ద పీట. 1888 నాటి కట్టడం, ఊరి మధ్యనున్న రిడ్జ్ మైదానం నుంచి ఓ గంట నడక, లోపల టికెట్టుతో గైడ్ వెంట కొన్ని గదులే చూపిస్తారు. జాఖూ కొండ 2,455 మీటర్లు, పైన 108 అడుగుల హనుమంతుడు. రోప్‌వే ఉంది, నడిచి ఎక్కితే నిటారు. అక్కడి కోతులు తిండి కంటే ముందు కళ్లద్దాల మీద పడతాయి, ఎందుకంటే అద్దాలు తిరిగి ఇవ్వడానికి తిండి దొరుకుతుందని వాటికి తెలుసు. పైకి చేరేముందే అద్దాలు తీసి జిప్పున్న జేబులో వేసుకోండి. సిమ్లాకి దగ్గర్లోని కుఫ్రీకి మంచు ఉంటేనే వెళ్లండి. లేకపోతే గుర్రాల బురద తప్ప అక్కడ ఏమీ లేదు. సిమ్లా శివారులోని ఢల్లీ దాటి కుఫ్రీ, నార్కండా వెళ్లే రోడ్డే మంచుకి ముందు మూతపడుతుంది, కాబట్టి ఆఖరి రోజున అటువైపు వెళ్లొద్దు.

చండీగఢ్‌కి ఒకటిన్నర రోజు చాలు. పొగమంచు పదింటిదాకా వీడదు, తిరుగు ఫ్లైటు మధ్యాహ్నం తర్వాతది తీసుకోండి, తెల్లారుజాము ఫ్లైటుకి ఆలస్యం దాదాపు ఖాయం. ఊరికి ప్లాను గీసిన ఆర్కిటెక్టు లె కార్బుజియే కట్టిన క్యాపిటల్ కాంప్లెక్స్ (ప్రభుత్వ భవనాల సముదాయం) 2016లో యునెస్కో జాబితాలో చేరింది. గైడ్ వెంటే వెళ్లాలి, గుర్తింపు కార్డు తప్పనిసరి. అక్కడి 26 మీటర్ల తెరిచిన చెయ్యి శిల్పం గాలికి తిరుగుతుంది. పక్కనే నేక్‌చంద్ రాక్ గార్డెన్. పగిలిన గాజులు, విరిగిన సిరామిక్ ముక్కలతో చేసిన బొమ్మల మధ్య దారులు ఇరుకు, కొన్నిచోట్ల కమానుల కింద తల వంచుకునే దాటాలి. ట్రాలీ బ్యాగ్ లాక్కుంటూ వెళ్లలేరు, హోటల్లోనే వదిలి రండి.