పీబీఈతో వెళ్లాలా, హెచ్ఎస్ఈ06తోనా?

హనుమకొండలో మా గదిలో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్. దాంట్లో క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వేసి, మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ అనే సెమీకండక్టర్ ఒంటి పొరకు బ్యాండ్ గ్యాప్, అంటే అందులో ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదిలే స్థాయికి ఎగరడానికి కావాల్సిన కనీస శక్తి, తీయాలి. ఈ లెక్కకు వాడే రెండు ఉజ్జాయింపు సూత్రాలే పీబీఈ, హెచ్ఎస్ఈ06. 1996 నాటి పీబీఈతో అయితే చాయ్ తాగొచ్చేసరికి లెక్క తేలింది: సుమారు 1.7 ఎలక్ట్రాన్ వోల్టులు.

హెచ్ఎస్ఈ06 అలా కాదు. ఎలక్ట్రాన్ల మధ్య ఉండే ఎక్స్ఛేంజ్ అనే క్వాంటమ్ ప్రభావంలో, దగ్గరి దూరాల భాగంలో నాలుగో వంతును హార్ట్రీ-ఫాక్ అనే బరువైన పద్ధతిలో లెక్కిస్తుంది. మెషీన్‌ను నమిలేసేది ఆ భాగమే. రాత్రి రన్ పెట్టి పడుకుంటే రెండు గంటలకు కరెంటు పోయింది, పొద్దున మళ్లీ మొదటికి. చివరికి 2.1 పైన వచ్చింది.

కాంతితో కొలిస్తే 1.8, 1.9 దగ్గర కనిపిస్తుంది కదా, పీబీఈయే కరెక్టని మా జూనియర్ సంబరపడ్డాడు. అక్కడే పప్పులో కాలేశాడు. ఇంత పల్చని పొరలో ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ (హోల్) గట్టిగా అతుక్కుని ఎక్సైటాన్ అవుతాయి; కాంతి చూపేది ఆ తగ్గిన అంకెను. అసలు ఎలక్ట్రానిక్ గ్యాప్ అంతకన్నా పెద్దది.

నేనైతే అణువుల అమరికను పీబీఈతోనే సర్ది, కే-పాయింట్లు (లెక్కకు ఎంచుకునే నమూనా బిందువులు), లెక్కలో మళ్లీ మళ్లీ వచ్చే పొర నకళ్ల మధ్య 15 ఆంగ్‌స్ట్రామ్‌ల ఖాళీ సరిచూసుకున్నాకే హెచ్ఎస్ఈ06 జోలికి వెళ్తా. బ్యాండ్ల (ఎలక్ట్రాన్ శక్తి స్థాయిల) ఆకారం ఒక్కటే కావాలంటే అసలు వెళ్లను.