జాగ్రత్త: ఫోన్ లొకేషన్‌తో గీసే కలంకారీ గుడ్డకు ఆర్డర్ ఇచ్చేముందు ఇది చదవండి

మీరు ఏడాదంతా తిరిగిన దారులను ఫోన్‌లోంచి తీసి, గోడకు తగిలించుకునే కలంకారీగా గీసిస్తామని తిరుపతి, శ్రీకాళహస్తి వైపు ఆర్డర్లు తీసుకుంటున్నారు. ఆలోచన బాగుంది, పనితనం తెలిసినవాళ్ళు చేస్తే చూపు తిప్పుకోలేం. కానీ తిరుపతిలో ఒక అమ్మకందారు దగ్గర కొన్నవాళ్ళకు డబ్బు పోవడమే కాక ఇంటి ఆనవాలు కూడా బయటపడింది.

అతను అడిగింది ఆండ్రాయిడ్‌లో లొకేషన్ సర్వీసెస్ కింద టైమ్‌లైన్‌ను (మీరు తిరిగిన చోట్ల చిట్టా) ఎక్స్‌పోర్ట్ చేస్తే వచ్చే జేసన్ (JSON) అనే రకం ఫైలు. అందులో దారులొక్కటే ఉండవు. ఎక్కడ ఎన్నింటికి ఆగారు, ఎన్నింటికి కదిలారు, ఏది ఇల్లు, ఏది పనిచేసే చోటు అన్న గూగుల్ అంచనా కూడా ఉంటుంది. ఇల్లు ఏ వేళల్లో ఖాళీగా ఉంటుందో అది చదివినవాడికి తెలిసిపోతుంది. కొందరైతే ‘మా ల్యాప్‌టాప్‌లోనే మీ గూగుల్ ఖాతాలోకి లాగిన్ అవ్వండి’ అంటున్నారు. ఎంత తెలిసినవాళ్ళైనా ఆ పని చేయకండి.

గుడ్డ కూడా ఇంటిగుట్టు చెప్పేస్తుంది. దారులన్నీ ఎక్కడ ముడిపడి గీత దట్టమవుతుందో అదే ఇల్లు. గుర్తుకోసం అలిపిరి, కపిలతీర్థం బొమ్మలు వేస్తే వీధిదాకా పట్టేయొచ్చు. అలాంటి గుడ్డ ఫొటోను అతను కొన్నవాళ్ళను అడక్కుండానే ప్రచారానికి వాడుకున్నాడు.

ఇక ఫోన్‌తో స్కాన్ చేస్తే లింకు తెరుచుకునేలా గుడ్డ మూలలో వేసే క్యూఆర్ కోడ్. చిన్న లింకుకు కూడా సాధారణంగా 25 వరసల గడులు, చుట్టూ నాలుగేసి గడుల ఖాళీ కావాలి. గడి 5 మిల్లీమీటర్లు అనుకున్నా మొత్తం 16 సెంటీమీటర్లు దాటుతుంది. అంతకన్నా చిన్నగా కలంతో గీస్తే, ముఖ్యంగా కరక్కాయ, పాలల్లో గుడ్డను సరిగ్గా నానబెట్టకపోతే, బెల్లంలో ఇనుము ఊరబెట్టి తీసిన నల్లరంగు పాకి గడులు కలిసిపోతాయి, స్కాన్ అవ్వదు. 5 సెంటీమీటర్ల కోడ్ పదునుగా ఉందంటే అది ప్రింటే అనుకోండి, చేతిపని ధర ఇవ్వకండి. స్కాన్ చేసి, తెరవకముందే అడ్రస్ చదవండి. అది అమ్మకందారు సైటు మీదుగా తిరిగి వెళ్ళే లింకైతే, ఎవరు ఎప్పుడు స్కాన్ చేశారో అతనికి లెక్క ఉంటుంది, రేపు దాన్ని ఇంకోచోటికి మళ్ళించగలడు కూడా.

మోజు తీరాలంటే ఫైలు ఇవ్వకుండానే చేయించుకోవచ్చు. ఫైలులోని అక్షాంశ రేఖాంశాల్లో దశాంశం తర్వాత రెండంకెలే ఉంచండి. అప్పుడు చోటు దాదాపు కిలోమీటరు అటూఇటూ అవుతుంది. తేదీలు, వేళలు తీసేయండి, ఇంటి చుట్టుపక్కల గీతలు చెరిపేయండి. మిగిలిన రూపురేఖను కాగితం మీద ప్రింట్ తీసి అది మాత్రమే ఇవ్వండి. మా మాట అడిగితే దారులకన్నా నెలనెలా ఎన్ని అడుగులు నడిచారన్న లెక్క మేలు. పన్నెండు అంకెలతో పన్నెండు తీగల అంచు వస్తుంది, చోటు ఊసే ఉండదు. బిల్లు మీద ‘ఫొటో ఎక్కడా పెట్టను, డేటా ఉంచుకోను’ అని రాయించుకోండి. 2023 డేటా రక్షణ చట్టం ఉన్నా దాని నిబంధనలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి, కాబట్టి చేతిలో కాగితం ఉండాలి.

ఇప్పటికే ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయినవాళ్ళు ఈరోజే పాస్‌వర్డ్ మార్చి, గూగుల్ ఖాతాలో ‘మీ పరికరాలు’ తెరిచి తెలియని వాటన్నిటినీ సైన్ అవుట్ చేయండి. ఫైలు పంపినవాళ్ళు దాన్ని, ఫొటోలను తొలగించమని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడిగి స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, సరుకు మోసమైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.