హొగెనక్కల్ వన్ డే ట్రిప్ బుక్ చేసే ముందు ఇది చదవండి, బెంగుళూరు తెలుగు వాళ్ళందరికీ జాగ్రత్త

ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తామామలో వచ్చారు, శనివారం ఒక్క రోజులో ఎక్కడికైనా తిప్పి తీసుకొద్దాం అని ఇన్‌స్టాలో ట్రిప్పులు వెతుకుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. పోయిన శనివారం మేం అలాగే తమిళనాడులో కావేరి మీద ఉన్న హొగెనక్కల్ జలపాతానికి వెళ్ళాం. డబ్బు పోయింది, సరే, అది మళ్ళీ సంపాదించుకుంటాం. కానీ ఆ రోజు మా మావయ్య గారు పక్కన లేకపోతే నేను నా ఏడేళ్ళ కొడుకుని దేంట్లో ఎక్కించేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది, అందుకే కాస్త పొడవైనా మొత్తం చెప్తాను.

మేం మారతహళ్ళిలో ఉంటాం. అత్తయ్య, మావయ్య పల్నాడు వైపు నుంచి వచ్చారు, పది రోజులుంటారు. ఇంట్లో కూర్చుని బోర్ కొడుతోంది అని అత్తయ్య అనలేదు గానీ నాకే అనిపించింది. ఇన్‌స్టాలో ఒక రీల్ కనిపించింది, హొగెనక్కల్ స్మాల్ గ్రూప్ ట్రిప్, 12 మంది మాత్రమే, తెలుగు మాట్లాడే గైడ్, ఏసీ టెంపో ట్రావెలర్, బ్రేక్‌ఫాస్ట్, లంచ్, పుట్టి (వెదురుతో అల్లిన గుండ్రటి పడవ) రైడ్ అన్నీ ఇంక్లూడెడ్, మనిషికి 1,899. పిల్లాడికి కూడా ఫుల్ టికెట్టే అన్నారు, సీటు కావాలి కదా అని ఒప్పుకున్నాం. ఐదుగురికి 9,495. అడ్వాన్స్ 5,000 యూపీఐలో వేశాను, ఎవరో ఒక మనిషి పేరు మీద వెళ్ళింది, కంపెనీ పేరు రాలేదు, నేను అప్పుడు పట్టించుకోలేదు. అది నా మొదటి తప్పు. బిల్లు అడగలేదు, అది రెండోది.

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి నేనే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను, రేపు అంతా ఓకేనా, వర్షం ఏమైనా ఉందా, పెద్దవాళ్ళు వస్తున్నారు అని. 'వెదర్ సూపర్ మేడమ్, ఫుల్ ఎండ, ఎంజాయ్ చేస్తారు' అని రిప్లై వచ్చింది. ఈ మెసేజ్ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది, దీని గురించి కింద మళ్ళీ చెప్తా.

పొద్దున ఐదున్నరకి పికప్. మిగిలిన 4,495 వేస్తే గానీ ఎక్కనివ్వలేదు. లోపలికి చూస్తే 12 మంది కాదు, 19 మంది, డ్రైవర్ వెనకాల నడిచే దారిలో రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి ఇద్దరు కుర్రాళ్ళని కూర్చోబెట్టారు. గైడ్ అన్నవాడు ఇరవై ఏళ్ళ అబ్బాయి, తెలుగు మాట్లాడతాడు, అంతవరకు నిజం, కానీ హొగెనక్కల్ రావడం తనకి అది రెండోసారట, మాటల్లో వాడే చెప్పాడు. అత్తిబెలె దగ్గర తమిళనాడు బోర్డర్ వస్తుందనగా డ్రైవర్ వెనక్కి తిరిగి, ఎవరైనా అడిగితే అందరం ఒకే ఆఫీస్ ఫ్రెండ్స్ అని చెప్పండి అన్నాడు. నాకు అర్థం కాలేదు. మా ఆయన టీ కోసం దిగినప్పుడు నంబర్ ప్లేట్ చూసొచ్చారు, వైట్ బోర్డు. అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన బండి, డబ్బు తీసుకుని ప్యాసింజర్లని ఎక్కించుకోవడానికి పర్మిట్ లేనిది. ఎల్లో బోర్డు బండి, టూరిస్ట్ పర్మిట్ ఉంటే ఈ అబద్ధాలు అక్కర్లేదు. ఇలాంటి బండికి దారిలో ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ ఇవ్వం అనే ఛాన్స్ ఉంది. 19 మంది ప్రాణాలండి, అందులో నలుగురు చిన్నపిల్లలు.

ఆ దారి గురించి తెలియని వాళ్ళకి, బెంగుళూరు నుంచి హోసూరు, డెంకణికోట, అంచెట్టి మీదుగా అడవిలో ఘాట్ రోడ్డు పట్టుకుని వెళ్ళేది ఒకటి, కృష్ణగిరి ధర్మపురి పెన్నాగరం మీదుగా హైవేలో చుట్టూ తిరిగి వెళ్ళేది ఇంకొకటి. మమ్మల్ని అంచెట్టి దారిలో తీసుకెళ్ళారు. ఏనుగులు తిరిగే అడవి అది, మలుపులు ఎక్కువ, స్టూలు మీద కూర్చున్న కుర్రాడు ప్రతి మలుపుకీ మా అత్తయ్య మీద పడుతుంటే పాపం వాడే సారీ ఆంటీ సారీ ఆంటీ అంటూ వచ్చాడు.

డెంకణికోట దగ్గర టీకి ఆపినప్పుడే మాకు అసలు సంగతి తెలిసింది. హోసూరు, డెంకణికోట వైపు తెలుగు మాట్లాడే వాళ్ళు చాలామంది ఉంటారు, తరతరాలుగా అక్కడి వాళ్ళే. టీ కొట్టు పెద్దాయన మా మాట విని ఎక్కడికమ్మా పోతా ఉండేది అని అడిగారు. హొగెనక్కల్‌కి, పుట్టి ఎక్కుదామని అంటే ఆయన గిన్నె పక్కన పెట్టి, 'పుట్టి యాడిదమ్మా, నిన్న పొద్దున నుంచే ఆపేసినారు, నీళ్ళు ఎక్కువైనాయంట, స్నానాలకి కూడా ఇడ్సడంలేదు' అన్నారు. నేను వెంటనే గైడ్‌ని పిలిచి అడిగితే తల దించుకున్నాడు. ఆఫీస్ వాళ్ళకి తెలుసు మేడమ్, నాకు చెప్పొద్దన్నారు అన్నాడు.

అంటే శుక్రవారం పొద్దున్నే బ్యాన్ పడింది. శుక్రవారం రాత్రి నేను అడిగితే వెదర్ సూపర్ అన్నారు. శనివారం పొద్దున మిగతా డబ్బు మొత్తం గుంజుకున్నారు. ఇందులో ప్రకృతి చేసింది ఏముంది? తర్వాత ఫోన్‌లో ఆ ఓనర్ ఇదే అన్నాడు నాతో, నేచర్ మేడమ్, మన చేతుల్లో ఉండదు అని. నది మన చేతుల్లో ఉండదు, ఒప్పుకుంటా, నోరు మన చేతుల్లోనే ఉంటుంది కదా, ఒక్క మెసేజ్ పెట్టాల్సింది, ఎవరికి ఇష్టమైతే వాళ్ళు వస్తారు, లేని వాళ్ళు మానేస్తారు.

ఇక్కడ మన వాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది, నాకూ ఇంతకు ముందు తెలీదు. హొగెనక్కల్ దగ్గర వర్షం పడిందా, బెంగుళూరులో ఎండ కాసిందా అన్నదాన్ని బట్టి అక్కడ నీళ్ళు ఉండవు. కావేరికి నీళ్ళు కొడగు నుంచి వస్తాయి, అందులో కలిసే కబిని నదికి వయనాడ్ నుంచి వస్తాయి, అక్కడ గట్టిగా వానలు పడి కర్ణాటకలోని కేఆర్ఎస్, కబిని డ్యాములు నిండితే గేట్లు ఎత్తుతారు, ఆ నీళ్ళు కొంత టైమ్ తీసుకుని దిగువకి దిగుతాయి. నెత్తి మీద ఎండ మాడుతున్నా కింద నది పొంగుతూ ఉండొచ్చు. ఆ వచ్చే నీటిని హొగెనక్కల్‌కి కాస్త ఎగువన బిళిగుండ్లు దగ్గర కొలుస్తారు, కావేరి గొడవల వార్తల్లో వినే బిళిగుండ్లు ఇదే. అక్కడ ఇన్ని వేల క్యూసెక్కులు వస్తున్నాయి అని తమిళ వార్తల్లో వస్తూనే ఉంటుంది, ఎక్కువైతే ధర్మపురి జిల్లా వాళ్ళు పుట్టీలు, స్నానాలు ఆపేస్తారు. జులై ఆగస్టుల్లో ఇది దాదాపు ప్రతి ఏడాదీ ఉండే ముచ్చటే. 2018లో, 2024లో లక్ష క్యూసెక్కులు దాటింది. ఈ వ్యాపారం చేసేవాడికి ఇది తెలియదు అంటే నేను నమ్మను.

సరే, అక్కడి నుంచి వెనక్కి తిప్పమన్నాం, మిగతా వాళ్ళు కొందరు ఇంత దూరం వచ్చాం కదా చూసి పోదాం అన్నారు, డ్రైవర్ ముందుకే పోనిచ్చాడు.

హొగెనక్కల్ అంటే కన్నడంలో పొగ రాయి. హొగె అంటే మన పొగే. నిజంగానే దూరం నుంచే తెల్లగా పొగ లేస్తున్నట్టు కనిపించింది, ఆ హోరు బండి దిగకముందే వినపడింది. చోటు మీద నాకు కోపం లేదు, చాలా గొప్ప చోటు. కానీ పుట్టి ఎక్కే రేవు దగ్గర బారికేడ్లు, పోలీసులు, వేలాడే వంతెన వైపు కూడా మూసేశారు, కాబట్టి దూరం నుంచి ఆ తుంపరని చూడటమే. చేపలు వేయించే అంగళ్ళు, ఆయిల్ మసాజ్ వాళ్ళు ఖాళీగా కూర్చుని ఉన్నారు. మా లంచ్ అంటే చల్లారిపోయిన నిమ్మకాయ పులిహోర పొట్లాలు, దాని గురించి ఎక్కువ రాయను.

అసలు భయం ఇప్పుడు. మేం గొడవ పడుతుంటే గైడ్ ఎవరికో ఫోన్ చేసి మా దగ్గరికి వచ్చి, మెల్లగా, ఇక్కడ అఫీషియల్‌గా క్లోజ్ మేడమ్, కానీ కొంచెం పైన మనకి తెలిసిన వాళ్ళు ఉన్నారు, ఇంకో చోటు నుంచి వేస్తారు, మనిషికి 700, పిల్లలకి ఫ్రీ అన్నాడు. నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం నేను ఊగిసలాడాను. పిల్లాడు పుట్టి పుట్టి అని వారం నుంచి కలవరిస్తున్నాడు, ఏడుస్తున్నాడు. పోయి చూద్దాం అన్నాను నేనే. పొదల్లోంచి ఒక కాలిబాట, దాని చివర ఒక మనిషి, వెదురు పుట్టి బోర్లించి ఉంది, అడుగున నల్ల ప్లాస్టిక్ పట్టా. లైఫ్ జాకెట్లు ఏవండీ అంటే అవసరం లేదు, ఒడ్డు పక్కనే తిప్పుతాడు అన్నాడు గైడ్. మామూలు రోజుల్లో అసలు రేవులో జాకెట్ లేకుండా ఎక్కనివ్వరు, ఆ సంగతి నాకు రీళ్ళు చూసి కూడా తెలుసు.

మావయ్య గారు కృష్ణ ఒడ్డు ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడు పుట్టి మీదే ఏరు దాటి అవతల చుట్టాలింటికి వెళ్ళేవాళ్ళట. ఆయన ఏమీ మాట్లాడకుండా నీళ్ళ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడ్డారు. తర్వాత వెనక్కి వచ్చి పిల్లాడి చెయ్యి పట్టుకుని, 'నీళ్ళు ఎర్రగా ఉన్నాయి చూడమ్మా, పుల్లలు కొట్టుకొస్తున్నాయి, పైనుంచి కొత్త నీరు దిగుతోంది. ఇలాంటప్పుడు మా ఊళ్ళో కట్టిన పుట్టిని విప్పేవాళ్ళు కాదు. పుట్టికి ముక్కూ తోకా ఉండదు, సుడిలో పడితే తెడ్డు వేసేవాడి చేతిలో ఏమీ ఉండదు. పదండి' అన్నారు. అంతే. ఆయన గొంతు పెంచలేదు, కానీ నా కాళ్ళు వణికాయి. కావేరిలో ఆ పక్క మొసళ్ళు ఉన్నాయని కూడా తర్వాతే తెలిసింది.

స్టూళ్ళ మీద వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళూ ఎక్కుతాం అన్నారు. మావయ్య వాళ్ళని కూడా బాబూ వద్దురా అని బతిమాలారు, ఒకడు ఆగిపోయాడు, ఒక్కణ్ణే అయితే నేనూ వెళ్ళను అని రెండోవాడూ వెనక్కి వచ్చేశాడు. వాళ్ళ అమ్మలు ఎక్కడో ఉంటారు, వాళ్ళకి ఇదంతా తెలియను కూడా తెలియదు.

తిరిగొచ్చాక ఓనర్‌కి ఫోన్ చేసి పుట్టి వరకైనా డబ్బు వెనక్కి ఇమ్మన్నాను. నో రిఫండ్ పాలసీ అన్నాడు, కావాలంటే నెక్స్ట్ ట్రిప్‌కి మనిషికి 300 కూపన్ ఇస్తా అన్నాడు. రేవు కాని చోట జాకెట్ లేకుండా పిల్లల్ని ఎక్కించబోయారు కదా అంటే, అది గైడ్ పర్సనల్ మేడమ్ మాకు సంబంధం లేదు అన్నాడు. ట్రిప్ వాట్సాప్ గ్రూపులో ఇదంతా రాసిన పది నిమిషాలకి నన్ను తీసేశారు. సోమవారం 1915కి, అదే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను, తెలుగులో కూడా మాట్లాడతారు, కంప్లైంట్ తీసుకుని నంబర్ ఇచ్చారు. కానీ అక్కడ ఎవరి మీద అని అడిగితే నా దగ్గర ఉన్నది ఒక ఇన్‌స్టా పేజీ పేరు, ఒక యూపీఐ పేరు, అంతే. బిల్లు ఉంటే, జీఎస్‌టీ నంబర్ ఉంటే ఎంత తేలికయ్యేదో అప్పుడు అర్థమైంది. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, రీల్ రికార్డింగ్, నంబర్ ప్లేట్ ఫొటో మా ఆయన తీసి పెట్టడం మంచిదైంది, అవే ఇచ్చాను. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు ఇక్కడ రాయట్లేదు, రేపు వేరే పేరుతో పేజీ పెట్టడానికి వాళ్ళకి ఐదు నిమిషాలు పట్టదు, అందుకని పేరు కంటే పద్ధతి గుర్తుపెట్టుకోండి.

మీరు వెళ్ళాలనుకుంటే డబ్బు వేసే ముందే పుట్టి ఆపేస్తే ఎంత వెనక్కి ఇస్తారు అని రాతలో అడగండి, మాటల్లో కాదు. బండి నంబర్ ముందు రోజే అడిగి ఎల్లో బోర్డో కాదో చూడండి, ఇవ్వం అంటే వదిలేయండి. బయల్దేరే ముందు సాయంత్రం హొగెనక్కల్ క్యూసెక్కులు అని కొట్టి వార్తలు చూడండి, తమిళం రాకపోతే ఆఫీసులో తమిళ్ ఫ్రెండ్‌ని ఒక నిమిషం చదివి చెప్పమనండి. మొత్తం డబ్బు ముందే వేయకండి. పిల్లలు ఎంత ఏడ్చినా, గైడ్ ఎంత తీయగా మాట్లాడినా, జాకెట్ లేని పుట్టి, రేవు కాని రేవు మాత్రం వద్దు, మీ కాళ్ళు పట్టుకుని చెప్తున్నా.

నిన్న రాత్రి అదే రీల్ మళ్ళీ వచ్చింది నాకు, వచ్చే శనివారం ట్రిప్, అదే ఫొటో, పుట్టి రైడ్ ఇంక్లూడెడ్, ఐదు సీట్లే మిగిలాయి అని. ఇది రాసేటప్పటికి అక్కడ పుట్టీలు ఇంకా మొదలుపెట్టలేదు, పొద్దునే డెంకణికోట టీ కొట్టు పెద్దాయనకి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ ఐదు సీట్లు మీవో మీకు తెలిసిన వాళ్ళవో అయితే ఈ రోజే ఫోన్ చేసి అడగండి.