గుబ్బియోలో మూడు రాత్రులు

ఇటలీ వెళ్తున్నామని ఎవరైనా చెబితే నేను మొదట అనే మాట: గుబ్బియోకి పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రాకండి. కనీసం రెండు రాత్రులు ఉండండి. మే నెలాఖరులో నేనూ మా అక్కా మూడు రాత్రులున్నాం.

ఉంబ్రియా ప్రాంతంలో కొండవాలుని పట్టుకుని మెట్లు మెట్లుగా లేచిన ఊరిది. ఊళ్ళోకి రైలు లేదు. ఫొస్సాతో ది వికో స్టేషన్లో దిగి బస్సెక్కాలి. మేం దిగింది ఆదివారం. గంటన్నర కూర్చున్నా బస్సు రాలేదు, చివరికి టాక్సీ పిలిపించుకున్నాం. మీరు మామూలు రోజు చూసుకుని వెళ్ళండి.

బస పాత ఊళ్ళోనే, ఒక రాతి ఇంటి రెండో అంతస్తులో. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు, ఒకరు స్నానం చేశాక రెండోవాళ్ళకి వేడినీళ్ళు సగమే. మోకాళ్ళ నొప్పులున్న అక్క మొదటి రాత్రి కిందనున్న హోటల్‌కి మారదామంది. నేను మారనివ్వలేదు. పగటి జనం వెళ్ళిపోయాక ఆ సందుల్లో మన అడుగుల చప్పుడు మనకే వినిపిస్తుంది. అది కింద దొరకదు. పైవీధులకి వెళ్ళడానికి ఊళ్ళో అందరి కోసం పెట్టిన లిఫ్టులున్నాయి. అవి తెలిశాక అక్కకీ హాయిగా ఉంది.

కోటగోడ, దాని ద్వారాలు మధ్యయుగం నాటివి. పోర్టా రొమానా బురుజు దగ్గర మొదలుపెట్టి సందుల వెంట నడిస్తే పాత ఇళ్ళకి పెద్ద గుమ్మం పక్కనే ఇంకో సన్నటి గుమ్మం కనిపిస్తుంది, వీధి మట్టానికి పైన, చాలావరకు రాళ్ళతో మూసేసి. 'మృత్యుద్వారం' అంటారు. ఇంట్లో ఎవరైనా పోతే శవపేటికని అందులోంచే బయటికి తెచ్చేవారని జనం మాట. శత్రువులు వస్తే నిచ్చెన లోపలికి లాగేసుకునే గుమ్మమని కొందరు పండితులంటారు. ఒకదాని అంచు తడిమి చూశాను. నా భుజాలు పట్టేంత వెడల్పే.

పలాత్సో దెయి కాన్సొలి అనే మధ్యయుగపు భవనంలో, ఇప్పుడది మ్యూజియం, ఏడు కంచు పలకలున్నాయి, పాత ఉంబ్రియన్ భాషలో పూజావిధానాలు చెక్కినవి. ఊరు వాటిని 1456లో కొనుక్కుంది. మన రాగిశాసనాలు చూసి మురిసేవాళ్ళు అక్కడ ఒక గంటైనా గడపాలి. బర్జెల్లో ఫౌంటెన్ చుట్టూ మూడుసార్లు పరిగెత్తి, నీళ్ళు చల్లించుకుంటే 'పిచ్చివాడి పట్టా' ఇస్తారు. సరదాగా ఉంది, అంతే.

అసలు సంగతి కొండమీద ఉంది. ఇద్దరు నిలబడే ఇనుప బుట్టలు తీగ మీద వేలాడుతూ పైకెళ్తాయి. ఆగవు, కదులుతుండగానే ఎక్కాలి. పైన ఊరిని కాచే సాధువు సంత్ ఉబాల్దో గుడిలో మూడు పొడవాటి కొయ్య స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. వాటిని 'చేరి' అంటారు. ఒక్కొక్కటీ మూడు వందల కిలోలకి దగ్గర. ఏటా మే 15న వాటి మీద ఉబాల్దో, జార్జి, ఆంతోనీ సాధువుల బొమ్మలు పెట్టి, భుజాల మీద మోస్తూ ఊరంతా తిప్పి, ఈ కొండెక్కిస్తారు, పరుగున. ఎవరూ ఎవరినీ దాటరు, ఉబాల్దోదే ముందు. పడకుండా, నిటారుగా, వెనకవాళ్ళకి దూరం కాకుండా చేరడమే గొప్ప. కోనసీమలో ప్రభలని భుజాన ఎత్తుకుని 'అశ్శరభ శరభ' అంటూ పచ్చటి చేలల్లోంచి, కాలవల్లోంచి దాటించడం చిన్నప్పట్నుంచీ చూసినదాన్ని. ఆ స్తంభాల ముందు నాకు ఒళ్ళు జలదరించింది.

తిండికి ఇబ్బంది లేదు. 'క్రెష్యా' అని పెనం మీద కాల్చిన మందపాటి రొట్టె, మధ్యలో వేయించిన ఆకుకూర, చీజ్. శాకాహారులకి అదొక్కటి చాలు. ఊరి కూడలిలో ఉన్న రెస్టారెంట్ల కంటే సందుల్లోని చిన్న కొట్లే నయం, ధరకీ రుచికీ.

మేం దిగిన ఇంటి పెద్దాయన భాష మాకు రాదు, మా భాష ఆయనకి రాదు. కొండ మీది ఫొటోలు చూపించగానే చొక్కా కాలర్ పక్కకి లాగి భుజం చూపించాడు. అక్కడ చర్మం ముదిరి గట్టిపడి ఉంది. పిల్లలు చిన్న చేరీలని మోసే పండుగ జూన్ 2న. మేం ఖాళీ చేసిన పొద్దున ఆయన భార్య వంటింట్లో మనవడి చిన్న తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేస్తోంది, కుర్చీ మీద ఎర్ర నడికట్టు మడతపెట్టి ఉంది.